తుప్పు పట్టని నేల

కాకినాడలో పదిహేనేళ్లు తిరిగిన పికప్ బండినీ, అనంతపురం జిల్లా కళ్యాణదుర్గంలో పదిహేనేళ్లు తిరిగిన బండినీ పక్కపక్కన నిలబెడితే పైకి పెద్ద తేడా కనిపించదు. రెండింటికీ రంగు వెలిసి ఉంటుంది, సొట్టలు పడి ఉంటాయి, వెనక తలుపు కొక్కేలకు బదులు కట్టుతీగ ఉంటుంది. తేడా తెలియాలంటే నేలమీద వెల్లకిలా పడుకుని కిందినుంచి చూడాలి. కోస్తా బండికి షాసీ అంచులు పొరలు పొరలుగా లేచి ఉంటాయి. గోటితో గీకితే రేకులు రాలతాయి. బోల్టు తల పానాకు చిక్కదు. ఉలి పెట్టి కొట్టాలి, కాదంటే గ్యాసుతో కోయాలి. అనంతపురం బండి కింద ఉండేది ఎర్రదుమ్ము. గుడ్డతో తుడిస్తే కంపెనీలో వేసిన నల్లరంగు అక్కడక్కడా ఇంకా కనిపిస్తుంది. బోల్టు మొదటి ఊపుకు మూలుగుతుంది, రెండో ఊపుకు తిరుగుతుంది. బానెట్ ఎత్తితే మాత్రం లెక్క తారుమారవుతుంది. కోస్తా బండి ఇంజన్ ఇంకో నాలుగేళ్లు లాగేలా ఉంటుంది. ఇక్కడి బండి ఇంజన్ పని ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

ఇందులో మాయ లేదు. ఇనుము తుప్పు పట్టాలంటే గాలితోపాటు తేమ కావాలి. గాలిలో తేమ 60 శాతం దాటాక తుప్పు జోరందుకుంటుంది. దానికి సముద్రపు ఉప్పు తోడైతే ఇక చెప్పనక్కర్లేదు. అనంతపురానికి ఆ రెండు బాధలూ తక్కువే. నైరుతి మేఘాలు పడమటి కనుమల్లోనే బరువు దించుకుంటాయి. ఈశాన్యం తూర్పు తీరాన కురిసి ఇక్కడికొచ్చేసరికి నీరసిస్తుంది. ఏడాది మొత్తానికి సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లా అని పేరు. కరవు లెక్క రాసేవాళ్లకు నష్టాల పద్దులో ఏం రాయాలో వెతుక్కోనక్కర్లేదు: ఎండిన చెనక్కాయ చేలు, వెయ్యి అడుగులు దిగినా తడి తగలని బోర్లు, బెంగళూరు బస్సెక్కిన కుటుంబాలు. జమ పద్దులో రాయడానికే ఏమీ దొరకదు. వెతికితే ఒక్కటి ఉంది, చిన్నదే: ఈ నేలమీద ఇనుము తొందరగా చావదు.

ఇంజన్ చచ్చేది వేరే కారణాలకు. మొదటిది దుమ్ము. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వేదవతి ఒడ్డున గాలికి ఇసుక లేచి పొలాల మీద మేటలు వేసే జిల్లా ఇది. ఫిల్టరు దాటి లోపలికి పోయిన సన్న ఇసుక చాలు, సిలిండరు బోరు అరిగిపోవడానికి. రెండోది ఎండ. మూడోదే విచిత్రం, నీళ్లు. నీళ్లు లేని జిల్లాలో ఇంజన్‌ను చంపేది నీళ్లేనంటే నవ్వొస్తుంది గానీ, అదే నిజం. రేడియేటర్లో పోసేది బోరు నీళ్లు. ఎంత లోతునుంచి వస్తే అంత గడుసు నీళ్లు. కాగి కాగి అందులోని లవణాలు లోపలి గోడలకు అంటుకుంటాయి. పాత ఇంజన్ బ్లాకుకు పక్కనుండే బిళ్లలు ఊడదీసి చూస్తే బొటనవేలు పట్టాల్సిన నీటిదారిలో చిటికెనవేలు కూడా పట్టదు, అంతా తెల్లటి గట్టి సున్నం. నీరు తిరగక ఇంజన్ కాగుతుంది, హెడ్ వంగుతుంది, గ్యాస్కెట్ పోతుంది, చివరికొకనాడు చెనక్కాయ మూటల లోడుతో గుట్ట ఎక్కుతూ పట్టేస్తుంది.

షాసీ బతికే ఉంది, ఇంజన్ పోయింది. ఇలాంటి బండి గుజిరీ అంగట్లో కిలోల లెక్కన పోతుంది. పోకుండా ఇంటి ముందరే ఆగిందంటే అక్కడొక పని మొదలైందని అర్థం.

ఉరవకొండ దారిలో ఒక పల్లెలో అలాంటి పనే జరుగుతోంది. జీపు షాసీ మీద కట్టిన పాత మహీంద్రా పికప్ అది. ముందు చక్రాల కింద రాళ్లు. వేపచెట్టు కొమ్మకు చైన్ పుల్లీ. కొమ్మ బరువు మోస్తుందో లేదోనని దానికి దిగువన రెండు వాసాలు ఆనించారు. పుల్లీకి వేలాడుతున్నది బొలేరో ఇంజన్, ఎక్కడో పల్టీ కొట్టిన బండిదట. గేరుబాక్సు ఇంకో బండిది. రేడియేటరు ట్రాక్టరుది, కాస్త పెద్దది కావడంతో ముందు రేకు కోసి చోటు చేశారు. మెకానిక్కు వయసు అరవైకి దగ్గర, అసలు వృత్తి ట్రాక్టర్లు బాగుచేయడం. బండి యజమాని ఆయనకు వరసకు అల్లుడు.

ఇంజన్‌కూ గేరుబాక్సుకూ పెళ్లి చేసే ఘట్టం చూడదగ్గది. క్లచ్ ప్లేటు కచ్చితంగా నడిమధ్యన నిలబడితే తప్ప గేరుబాక్సు ముందు షాఫ్టు అందులోకి దూరదు. వెంట్రుకవాసి పక్కకు జరిగినా ఎంత తోసినా ఎక్కదు. బలవంతం చేస్తే ప్లేటు వంగుతుంది. కంపెనీ షెడ్లో ఇందుకొక పనిముట్టు ఉంటుంది. ఈయన దగ్గరున్నది విరిగిపోయిన పాత గేరుబాక్సులోంచి తీసి దాచుకున్న షాఫ్టు. దాన్నే క్లచ్‌లోకి దూర్చి, ప్లేటును మధ్యకు తెచ్చి, ప్రెషర్ ప్లేటు బోల్టులు ఎదురెదురుగా ఒక్కో చుట్టు బిగిస్తూ వచ్చాడు. చివరికి ఆ షాఫ్టును రెండు వేళ్లతో పట్టి లాగితే చప్పుడు లేకుండా జారి బయటికొచ్చింది. "ఇంగ ఎత్తు అల్లుడా, నిదానంగా" అన్నాడు. గేరుబాక్సు మూడో ప్రయత్నంలో కూర్చుంది.

ఇంత ఖర్చూ శ్రమా ఎందుకు, అమ్మేస్తే పోదా అని అడిగితే అల్లుడు జవాబు చెప్పలేదు. మామే అందుకున్నాడు. "షాసీ గట్టిగుండాది కద సార్. పన్ను ఊడిందని మనిషిని పారేస్తామా?"

ట్రాక్టరు మెకానిక్కు జీపు మీద ఇంత ధైర్యం ఎక్కడిదని ఆశ్చర్యపోనక్కర్లేదు. జీపు పుట్టిందే ఒకదాని భాగం ఇంకొకదానికి పట్టేలా. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు రెండూ ఒకే నమూనా మీద జీపులు చేశాయి, రెండూ కలిపి 6 లక్షలకు పైగా. యుద్ధభూమిలో ఒక జీపు కూలితే దాని భాగాలు ఊడదీసి ఇంకో జీపు నడపాలి, అది ఏ కంపెనీదైనా సరే. ఫోర్డ్ వాళ్లు పౌరుషం చంపుకోలేక తమ బోల్టుల తలలమీద 'ఎఫ్' అక్షరం కొట్టుకున్నారు గానీ, ఆ బోల్టు విల్లీస్ జీపుకూ నిక్షేపంగా పట్టేది. ఆ జీపునే మహీంద్రా కంపెనీ 1947 నుంచి మన దేశంలో బిగించడం మొదలుపెట్టింది. అదే కంపెనీ 1963లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి ట్రాక్టర్లలోకి దిగింది. తర్వాత జీపులకెక్కిన డీజిల్ ఇంజన్లలో కొన్నింటి మూలం ఆ ట్రాక్టర్లలోనే ఉంది. అంటే కొండాపురం చేలో దుక్కి దున్నినదీ, కదిరి సంతకు మనుషుల్ని మోసినదీ దూరపు చుట్టాలే.

మార్చుకోవడమనే అలవాటు మనవాళ్లకు నేర్పింది మాత్రం పెట్రోలు ధర. 1973లో చమురు సంక్షోభం వచ్చాక పెట్రోలు జీపు గుమ్మంలో ఏనుగైంది. మహీంద్రా 1979లో ఫ్రాన్సు ప్యూజో కంపెనీ దగ్గర డీజిల్ ఇంజన్ లైసెన్సు తీసుకుంది. అయితే అప్పటికే ఊళ్లలో ఉన్న పెట్రోలు జీపుల సంగతి? వాటి యజమానులు మెటాడోర్ ఇంజనో, ట్రాక్టరు ఇంజనో, మద్రాసు సింప్సన్ వాళ్ల పెర్కిన్స్ ఇంజనో ఏది చేతికందితే అది ఎక్కించుకున్నారు. అలా ఎక్కించాక ఒక తరం మెకానిక్కులకు తెలిసొచ్చిన పాఠం క్రౌన్ పినియన్. పెట్రోలు జీపు వెనక ఇరుసులో పినియన్‌కు 8 పళ్లు, క్రౌన్‌కు 43. అంటే చక్రం ఒక్కసారి తిరగడానికి ఇంజన్ అయిదుంపావు సార్లకు మించి తిరగాలి. చురుగ్గా తిరిగే పెట్రోలు ఇంజన్‌కు అది సరిపోయింది. నిదానంగా, బలంగా తిరిగే డీజిల్‌ను అదే ఇరుసుకు తగిలిస్తే బండి ఏ గుట్టయినా ఎక్కుతుంది గానీ, గుత్తి దగ్గర హైవే ఎక్కగానే గోలపెడుతుంది. కాబట్టి ఇంజన్ మార్చే ముందు మెకానిక్ వెనక హౌసింగ్ మూత విప్పి పళ్లు లెక్కపెడతాడు. లెక్కపెట్టనివాడి దగ్గరికి రెండోసారి ఎవరూ పోరు.

కంపెనీలే కనుమరుగైన బండ్ల కథ ఇంకొకటి. 1980లలో జపాను కంపెనీలతో పొత్తులు పెట్టుకుని నాలుగు చిన్న లారీలు వచ్చాయి: డీసీఎం టొయోటా, స్వరాజ్ మాజ్దా, ఐషర్ మిత్సుబిషి, నాలుగోది మన ఆల్విన్ నిస్సాన్. ఫ్రిజ్‌లూ గడియారాలూ బస్సు బాడీలూ చేసిన హైదరాబాదు ఆల్విన్, జహీరాబాదులో ఈ లారీ చేసింది. 1989లో ఆ లారీ కంపెనీ మహీంద్రా చేతికి పోయింది. కొన్నాళ్లకు ఆ పేరే పోయింది, బండ్లు మాత్రం రోడ్లమీద మిగిలాయి. కంపెనీ ఉండదు, స్పేరు పార్టు రాదు, బండి మాత్రం అరిగిపోదు. అలాంటప్పుడు దేనికి ఏది పడుతుందన్న జ్ఞానమే దిక్కు. అది ఏ పుస్తకంలోనూ లేదు, పార్టుల అంగట్లో కౌంటరు వెనక నిలబడ్డ మనిషి తలలో ఉంది. కొంత భాగం నంబర్లలోనూ ఉంది. బేరింగు మీద 6205 అని ఉంటే లోపలి వ్యాసం 25, బయటి వ్యాసం 52, మందం 15 మిల్లీమీటర్లు; ఏ దేశంలో ఏ కంపెనీ చేసినా అంతే. బావి మోటారుకు తెచ్చుకున్నది డైనమోలో సరిపోయినా ఆశ్చర్యం లేదు.

సీమ జీపు అనగానే సినిమావాళ్లకు వరసగా దుమ్ము లేపుకుంటూ వచ్చే బండ్లు గాలిలో ఎగిరి పేలిపోవడం గుర్తుకొస్తుంది. దానికి ఇంజన్ దించి ఎక్కించిన మనిషి మాత్రం గుర్తుకురాడు. పేల్చేసినన్ని బండ్లు నిజంగా పేలి ఉంటే కక్కలపల్లి మండీకి టమాటా ఎలా చేరేది, అనంతపురం మార్కెట్ యార్డుకు చీనీకాయలు ఏ బండిమీద వచ్చేవి?

డబ్బు సంగతి చూద్దాం. కొత్త పికప్ ఇవాళ పది లక్షలకు అటూ ఇటూ. ఎవరూ రొక్కంగా కొనరు, ఫైనాన్సు మీదే కొంటారు. వాయిదా నెలనెలా వస్తుంది. మెట్టచేను ఏడాదికి ఒకే పంట ఇస్తుంది, అది కూడా ఇస్తేనే. జూన్, జూలైల్లో చెనక్కాయ విత్తితే అక్టోబరు, నవంబరుల్లో గానీ చేతికి రాదు. ఆగస్టులో నెలరోజులు వాన మొహం చాటేస్తే అసలే రాదు. పన్నెండు వాయిదాలకూ ఒక పంటకూ మధ్య జత కుదరదు. పాత బండికి ఆ బాధ లేదు. అది చెడినప్పుడే డబ్బు అడుగుతుంది, చేతిలో డబ్బు లేకపోతే చెట్టుకింద నిలబడుతుంది. ఎవరూ వచ్చి పట్టుకుపోరు. ఈ నెల గేరుబాక్సు, పంటొచ్చాక టైర్లు, పై ఏడు టింకరింగ్ అని పనిని విడతలుగా చేసుకోవచ్చు. బయటివాళ్లు దీన్ని పిసినారితనమనో పాతవాటి మీద మమకారమనో అనుకుంటారు. మాకు మాత్రం వాన నమ్మకం లేనిచోట అప్పు చేయకుండా బతకడానికి కనిపెట్టిన పద్ధతిగా కనిపిస్తుంది.

ఇక చట్టం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఈ మాటను గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణలో, అనుమతిలేని మార్పుకు ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ అని 182ఎ సెక్షన్ చేర్చారు. ఇంజన్ మార్పుకు తలుపు పూర్తిగా మూసెయ్యలేదు. రవాణా అధికారి ఆమోదం తీసుకుని, కొత్త ఇంజన్ వివరాలు ఆర్సీలో ఎక్కించుకోవాలి. పల్లెల్లో ఆ పని చేసేవాళ్లు తక్కువ. పాత ఇంజన్ ఎక్కడిదో చూపే బిల్లు గుజిరీలో ఎవరిస్తారు? ఆ కాగితం లేనిదే ఆఫీసులో పని కాదు. దొంగబండి భాగాలు ఈ దారినే చెలామణీ అవుతాయి కాబట్టి ఆఫీసు వాళ్లు అడగడంలో తప్పూ లేదు.

చట్టాన్ని తిట్టుకునే ముందు ఒక విషయం ఒప్పుకోవాలి. ఇంట్లో తిరగగట్టిన బండ్లలో భయపడాల్సిన చోటు ఇంజన్ కాదు, బ్రేకు. ఎక్కువ బలమున్న ఇంజన్ ఎక్కిస్తారు, ఎక్కువ బరువు మోస్తుందని కమాను కట్టల్లో ఇంకో రెండు పట్టీలు వేస్తారు. ఆ వేగాన్నీ ఆ బరువునూ ఆపాల్సింది మాత్రం నలభయ్యేళ్ల కిందటి డ్రమ్ము, అందులో అరిగిన లైనింగు. బూస్టరు ఉండదు. ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు సరిపోలేదని మధ్యలో కోసి వెల్డింగ్ చేస్తారు. దాన్ని బ్యాలెన్సు చేసే లేత్ షెడ్డు అన్ని ఊళ్లలో లేదు. ఇంజన్‌కు పెట్టినంత శ్రద్ధ బ్రేకుకు పెట్టే మెకానిక్కులు లేకపోలేదు. కానీ ఖర్చు తగ్గించుకోవాల్సి వస్తే యజమాని మొదట కోత పెట్టేది అక్కడే, ఎందుకంటే బ్రేకు లేకపోయినా బండి స్టార్టవుతుంది. పెళ్లిళ్లకూ జాతరలకూ అదే పికప్ వెనక మనుషులు ఎక్కుతారు. ఈ విషయంలో మాకు జాలి లేదు. బ్రేకు పరీక్షలో తప్పిన బండిని కదలనివ్వకూడదు, అది ఎంత ముచ్చటగా బిగించినదైనా సరే.

కానీ పరీక్ష బండికి పెట్టాలి, క్యాలెండరుకు కాదు. 2021 ఆగస్టులో ప్రారంభించిన పాత వాహనాల తుక్కు విధానం కాగితం మీద ఈ మాటే అంటుంది: సామాన్యుల బండ్లు ఫిట్‌నెస్ పరీక్షలో తప్పితేనే తుక్కు. ప్రభుత్వ వాహనాలకు మాత్రం 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లే హద్దు. ఆ వయసు లెక్క మెల్లగా అందరి నోటా నానుతోంది. పదిహేనేళ్లు దాటిందంటే పనికిరానిదేనన్న భావం జనంలో పాతుకుపోతోంది. సముద్రం పక్కనా, ఎడారి పక్కనా ఇనుముకు ఒకే వయసెలా అవుతుంది?

ఎండుగాలి విలువ తెలిసినవాళ్లు లోకంలో లేకపోలేదు. అమెరికాలో అరిజోనా రాష్ట్రం టూసాన్ దగ్గర డేవిస్-మాంథన్ వైమానిక స్థావరంలో రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1946 ప్రాంతంలో మిగిలిన విమానాలు తెచ్చి ఆరుబయట నిలబెట్టారు. వాన తక్కువ, నేల గట్టిది, కాంక్రీటు పొయ్యకుండానే విమానం నిలబడుతుంది. ఇవాళ కూడా అక్కడ వేలకొద్దీ విమానాలు ఎండలో వరసలు కట్టి ఉంటాయి. వాటినుంచి భాగాలు ఊడదీసి వేరే విమానాలు ఎగరేస్తారు. లోకంలోకెల్లా సంపన్నమైన వైమానిక దళం చేసేది, వేపచెట్టు కింద మామా అల్లుళ్లు చేసేది ఒకే రకం పని. వాళ్లకు కంచె, జాబితా, జీతం ఉన్నాయి.

అనంతపురానికి ఇప్పుడు కొత్త బండ్లూ తెలుసు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కర్మాగారం నుంచి 2019 ఆగస్టులో మొదటి కారు బయటికొచ్చింది. జిల్లా విడిపోయాక అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది గానీ, నేల అదే, గాలి అదే. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లు మునుపటి డీజిల్ బండ్లకన్నా పొగ చాలా తక్కువ వదులుతాయి. వాటిని కాదనడానికి లేదు. పాత ఇంజన్ వదిలే నల్లటి పొగ పీల్చేది ఈ ఊళ్ల పిల్లలే. చిక్కల్లా ఇంకోచోట ఉంది. కొత్త ఇంజన్‌కు డీజిల్ ఎప్పుడు ఎంత చిమ్మాలో చెప్పేది ఒక కంప్యూటరు పెట్టె. పొగగొట్టంలో మసి పట్టే జల్లెడ, దాని వేడినీ ఒత్తిడినీ కొలిచే సెన్సర్లు, వాటి తీగలు, అన్నీ ఆ పెట్టెకే జవాబుదారీ. ఒక బండి ఇంజన్ తీసి ఇంకో బండికి పెడితే బోల్టులు పడతాయి గానీ, పెట్టె ఒప్పుకోదు. ఒప్పించే సాఫ్ట్‌వేరు డీలరు దగ్గర ఉంటుంది.

కొన్న వస్తువును బాగుచేసుకునే హక్కు గురించి కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో కమిటీ వేసింది. ఆ డిసెంబరులో పోర్టలు తెరిచింది. అందులో మోటారు వాహనాలూ వ్యవసాయ యంత్రాలూ కూడా ఉన్నాయి. అమెరికాలో మసాచుసెట్స్ ప్రజలు 2012లోనే ఓటువేసి, డీలరుకిచ్చే మరమ్మతు సమాచారాన్ని బయటి మెకానిక్కుకూ ఇవ్వాలని కార్ల కంపెనీలను దారికి తెచ్చుకున్నారు. మన దగ్గర అది ఇంకా పోర్టలు దశలోనే ఉంది. ఇవాళ ఎర్రదుమ్ములో తిరుగుతున్న బీఎస్-6 పికప్పుల షాసీలు 2040లో కూడా గట్టిగానే ఉంటాయి. వాటి ఇంజన్లు అప్పటికి దుమ్ముకో బోరునీళ్లకో పోయి ఉంటాయి. అప్పుడు చైన్ పుల్లీ కట్టేవాడికి ఆ పెట్టె తెరిచే సమాచారం చట్టప్రకారం దక్కుతుందా లేదా అన్నది ఇప్పుడే, ఆ బండ్లింకా కొత్తగా ఉన్నప్పుడే, తేల్చాల్సిన విషయం.